వాపు కాలికి కోఠి సరుకు: కట్టు, స్టాకింగ్, పంపు, మసాజ్‌లలో దేనికి డబ్బు పెట్టొచ్చు?

బోదకాలు కోసమైనా, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వాచిన చేతి కోసమైనా హైదరాబాద్ కోఠిలో సర్జికల్ షాపు మెట్లెక్కితే ముందుగా చేతిలో పెట్టేది క్రేప్ బ్యాండేజీ. మనిషి కాస్త ఖర్చు పెట్టేలా కనిపిస్తే ఉబ్బిన సిరలకి తొడిగే బిగువు మేజోడు, అంటే వేరికోస్ స్టాకింగ్ బయటికొస్తుంది. ఇంకా పెట్టగలడనిపిస్తే, కాలికి తొడిగే సంచిలోకి గాలి ఊది పిసికే పంపు. ఈ మూడింటినీ, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు బోర్డులు కనిపించే 'లింఫాటిక్ డ్రైనేజ్' మసాజ్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది: ధర పెరిగిన వరసలో ఉపయోగం పెరగదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. తక్కువ సాగే బ్యాండేజీకి మొదటి స్థానం. వాపు దిగాక కొలత ఇచ్చి చేయించుకున్న, బల్లపరుపుగా అల్లిన ఫ్లాట్ నిట్ స్టాకింగ్‌కి రెండోది. పంపుకి మూడోది, అదీ మొదటి రెండూ వాడుతున్నవాళ్ళకే. స్పా మసాజ్ వాపు రోగికి పనికిరాదు. క్రేప్ బ్యాండేజీని చీలమండ బెణికిన రోజుకి దాచుకోండి.

ఈ వాపులు శోషరసం (లింఫ్) దారి మూసుకుపోవడం వల్ల వచ్చేవి. ఈ వరస ఎందుకో తెలియాలంటే ఆ రసం ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి. రక్తం సన్నటి కేశనాళికల్లోంచి పోతున్నంతసేపూ కొంత నీరు, కొద్దిగా ప్రొటీన్ వాటి గోడల్లోంచి బయటికి ఊరుతూనే ఉంటాయి. ఊరిన నీటిలో ఎక్కువ భాగం అదే నాళిక రెండో చివర మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుందని పాత పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ఇప్పుడు ఆ లెక్క మారింది. చాలా కణజాలాల్లో అలా వెనక్కి వెళ్ళడం దాదాపు ఉండదు. ఊరినదంతా శోషరస నాళాలే మోసుకుపోవాలి. రోజుకి సుమారు 8 లీటర్లు. అందులో దాదాపు సగం దారిలో ఉన్న గ్రంథుల్లోనే రక్తంలో కలుస్తుంది, మిగతాది మెడ దిగువన సిరల్లో పడుతుంది. ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లు. ఈ దారి ఒక్క కాలిలో మూసుకుపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఈ దారికి గుండె లేదు. పెద్ద నాళాల్లో కవాటానికీ కవాటానికీ మధ్య ఉన్న ఒక్కో ముక్కా నిమిషానికి 6 నుంచి 10 సార్లు తనంతట తానే ముడుచుకుని రసాన్ని పైముక్కలోకి నెడుతుంది. నడిచినప్పుడు పిక్క కండరం పిసికే ఒత్తిడి, ఊపిరి తీసినప్పుడు ఛాతీలో తగ్గే ఒత్తిడి దానికి తోడు. చర్మం కింద మొదలయ్యే మొట్టమొదటి నాళికలకైతే కండరం కూడా ఉండదు. వాటి గోడ కణాల అంచులు పెంకుల్లా ఒకదాని మీదకొకటి ఎక్కి ఉంటాయి. వాటిని చుట్టుపక్కల కణజాలానికి కట్టే సన్నటి పోగులుంటాయి. చర్మం కాస్త సాగితే ఆ పోగులు లాగి అంచులు తెరుచుకుంటాయి, నీరు లోపలికి పోతుంది. గట్టిగా అదిమితే తెరుచుకోవు, నలిగిపోతాయి. మసాజ్ దగ్గరికి వచ్చినప్పుడు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

రెండు కాళ్ళు, పొట్ట, ఎడమ చెయ్యి, ఎడమ వైపు తల, ఛాతీ నుంచి వచ్చేదంతా ఉరోనాళం అనే పెద్ద శోషరస నాళం ద్వారా మెడకి ఎడమ పక్కన సిరలో కలుస్తుంది. కుడి చెయ్యి, కుడి వైపు తల, ఛాతీది మాత్రం కుడి పక్కన. పేగుల నుంచి వచ్చే కొవ్వూ ఇదే దారి పడుతుంది. కడుపునిండా బిర్యానీ తిన్నాక ఉరోనాళంలో పారేది పాలలా తెల్లగా ఉంటుంది. ఫైలేరియా (బోదకాలు జబ్బు) ముదిరిన కొందరికి మూత్రం పాలలా రావడం, ఆ కొవ్వు రసం దారి తప్పి మూత్రనాళాల్లోకి చిమ్మడం వల్లే.

ఇదంతా మురుగునీటి పైపుల లెక్క మాత్రమే అయితే ఏ పంపు కొన్నా సరిపోయేది. కానీ ఇదే దారిలో రోగనిరోధక వ్యవస్థ వార్తాహరులు నడుస్తారు. కాలి వేళ్ళ మధ్య చిన్న పగులులోంచి సూక్ష్మజీవి దూరిందనుకోండి. చర్మంలో కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు దాన్ని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తమ ఒంటి మీద ప్రదర్శిస్తూ శోషరస నాళంలోకి దిగి గజ్జల్లోని గ్రంథికి చేరతాయి. గ్రంథి పైతొక్క దగ్గర బి కణాల గుంపులు, కాస్త లోపల టి కణాలు; రెండూ తెల్ల రక్తకణాలే. ఒక్కో టి కణం ఒక్కో రకం ముక్కనే గుర్తుపడుతుంది. సరిపడే కణం ఎదురుపడితే అది వేల సంఖ్యలో పెరుగుతుంది, బి కణాలు యాంటీబాడీల తయారీలోకి దిగుతాయి. కొత్త సూక్ష్మజీవి అయితే దీనికి వారం దాకా పడుతుంది. ఈ హడావిడినే మన ఇళ్ళల్లో 'గజ్జల్లో బిళ్ళ కట్టింది' అంటారు. ఒంట్లో ఇలాంటి గ్రంథులు సుమారు 600; చంక, గజ్జ, మెడ, పొట్ట లోపల గుంపులుగా ఉంటాయి.

కాలిలో దారి మూసుకుపోతే కాపలా కణాలు గ్రంథికి చేరవు. నిలిచిపోయిన నీటిలో ప్రొటీన్ ఎక్కువ. అది అక్కడే ఉంటే మంట రేగి పీచు కట్టడం, కొవ్వు పేరుకోవడం మొదలవుతాయి. చర్మం మందమవుతుంది, మడతలు పడుతుంది, మడతల్లో చెమట నిలిచి ఫంగస్ పట్టి పగులుతుంది. పగులులోంచి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి దూరుతుంది. చలిజ్వరం, ఎర్రగా కాలిపోతున్న కాలు, ఆసుపత్రి, యాంటీబయాటిక్. ప్రతి దాడిలో ఇంకొన్ని నాళాలు పాడవుతాయి, వాపు ఇంకో మెట్టు ఎక్కుతుంది. కాబట్టి ఈ సరుకులో దేన్నయినా తూచాల్సిన రాయి ఒక్కటే: అది రసాన్ని దారిలో నడిపిస్తోందా, లేక నీళ్ళు మాత్రం పిండి ప్రొటీన్‌ని అక్కడే వదిలేస్తోందా? డాక్టర్ని అడగకుండా మెడికల్ షాపులో 'నీళ్ళ బిళ్ళలు' కొని మింగేవాళ్ళకి జరిగేది ఈ రెండోదే. నీరు మూత్రంలో పోతుంది, చిక్కబడిన ప్రొటీన్ కాలిలోనే ఉంటుంది, మర్నాడు మళ్ళీ నీటిని లాగుతుంది.

కొనడానికి ముందు ఇంట్లో చేసుకోగల పరీక్షలు కొన్ని. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని పైవైపున రెండు వేళ్ళతో పట్టి పైకి లాగండి. మడతగా లేవకపోతే అది శోషరస వాపే అయ్యే అవకాశం ఎక్కువ. లేచినంత మాత్రాన కాదని కొట్టేయకూడదు, తొలి దశలో లేస్తుంది. వేలితో నొక్కి కొంతసేపు పట్టి వదిలితే గుంట పడితే ఇంకా మెత్తటి దశ. గుంట పడకుండా గట్టిగా ఉంటే పీచు కట్టిందని అర్థం. రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బి, పడుకుంటే ఆయాసం వస్తే అది గుండెదో కిడ్నీదో కావచ్చు. అప్పుడు కోఠి కాదు, ముందు డాక్టరు. ఒక్క కాలే రాత్రికి రాత్రి ఉబ్బి పిక్క నొప్పి పెడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజు ఏ కట్టూ కట్టకూడదు, వెంటనే స్కాన్ చేయించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాలికి రక్తం సరిగ్గా అందుతోందా అన్నది. షుగరు, పొగ తాగే అలవాటు ఉన్నవాళ్ళు ఇది చూపించుకోకుండా బిగువు కట్టు కట్టుకుంటే వేళ్ళు నల్లబడే ప్రమాదం ఉంది. చీలమండ దగ్గరి పై బీపీని చేతి పై బీపీతో భాగిస్తారు. 0.8 కన్నా ఎక్కువ వస్తే మామూలు బిగువు పనికొస్తుంది. 0.5కీ 0.8కీ మధ్య అయితే తగ్గించిన బిగువు, అదీ నిపుణుల చేతిలో. 0.5 లోపు అయితే కట్టే వద్దు. షుగరు ఎక్కువకాలం ఉన్నవాళ్ళకి ధమనులు గట్టిపడి ఈ సంఖ్య దొంగగా ఎక్కువ చూపిస్తుంది. వాళ్ళకి రక్తప్రవాహాన్ని వినిపించే డాప్లర్‌లో శబ్దం తీరు కూడా చూడాలి. ఈ ప్రశ్న అడిగి స్టాకింగ్ అమ్మే షాపు కనిపిస్తే ఆ షాపుని వదులుకోవద్దు.

ఇక సరుకు. ముందు బ్యాండేజీ.

క్రేప్ బ్యాండేజీకి సాగే గుణం ఎక్కువ. కండరం ఉబ్బినప్పుడు తనూ సాగి దారి ఇచ్చేస్తుంది, కాబట్టి నడకలో పిసికే శక్తి రాదు. పైగా కొన్ని గంటలకే బిగువు జారి చీలమండ దగ్గర తాడులా చుట్టుకుంటుంది. ఆ తాడు పైనా కిందా వాపు పెరుగుతుంది. తక్కువ సాగే బ్యాండేజీ దీనికి సరిగ్గా విరుద్ధం. పడుకుంటే తేలిగ్గా ఉంటుంది, నడిస్తే గోడలా నిలబడుతుంది. పిక్క కండరం ఆ గోడకి కొట్టుకుని లోపలి నాళాలని పిసుకుతుంది. రాత్రి కూడా ఉంచుకోగలిగేది అందుకే. షాపులో 'షార్ట్ స్ట్రెచ్' అని పేరు పెట్టి అడగాలి. పేరు లేకుండా అడిగితే వచ్చేది క్రేపే. విప్పి చేత్తో లాగి చూడండి: మామూలు పొడవుకి రెట్టింపు కాకముందే ఆగిపోవాలి, రెట్టింపు దాటి సాగితే తిరిగి ఇచ్చేయండి. చాలా షాపుల్లో నిలవ ఉండదు, ఆర్డర్ మీద తెప్పిస్తారు. క్యాన్సర్ ఆసుపత్రుల ఫిజియోథెరపీ విభాగాల్లో ఎక్కడ దొరుకుతుందో అడగడం మేలు. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె., బంజారాహిల్స్‌లో బసవతారకం ఉన్న ఊళ్ళో చేతి వాపు రోగులకి కొదవ లేదు కదా.

మోకాలి కింద వరకు కట్టడానికి 8 సెంటీమీటర్ల వెడల్పుది ఒకటి, 10ది రెండు, ఒక్కోటి 5 మీటర్లది చాలు. తొడ దాకా అయితే 12ది ఇంకో రెండు మూడు. ఉతుక్కోవడానికి ఇలాంటి సెట్లు రెండు ఉండాలి. వీటితోపాటు గొట్టంలాంటి నూలు తొడుగు, వేళ్ళకి చుట్టే 4 సెంటీమీటర్ల సన్న గాజ్ గుడ్డ పట్టీ, మెత్తటి దూది లేదా స్పాంజి చుట్ట. ఈ మెత్తని పొర అమ్మేవాళ్ళు మర్చిపోతారు, కొనేవాళ్ళు అనవసరం అనుకుంటారు. కట్టు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

కారణం చిన్న లెక్క. కట్టు కింద పుట్టే ఒత్తిడి లాగిన బిగువుతోను, పొరల సంఖ్యతోను పెరుగుతుంది. కాలి చుట్టుకొలతతోను, పట్టీ వెడల్పుతోను తగ్గుతుంది. చీలమండ 24 సెంటీమీటర్లు, పిక్క 38 ఉన్న కాలికి ఒకే బిగువుతో చుట్టుకుంటూ పోతే, చీలమండ దగ్గర 40 మిల్లీమీటర్ల పాదరసం (బీపీ కొలిచే లెక్కే) ఉన్న ఒత్తిడి పిక్క దగ్గర 25కి దిగుతుంది. కింద ఎక్కువ, పైకి పోతూ తక్కువ. మనకి కావలసింది అదే, కాబట్టి పైకి పోతూ బిగువు పెంచాల్సిన పనిలేదు. కానీ ఎముక పొడుచుకొచ్చిన చోట, చీలమండ బొడిపె మీద, కాలి ముందెముక అంచు మీద, వంపు చిన్నది కాబట్టి ఒత్తిడి విపరీతంగా పెరిగి పుండు పడుతుంది. బొడిపె వెనక గుంటలో మాత్రం ఒత్తిడే పడక నీరు నిలుస్తుంది. మెత్తని పొర ఈ ఎత్తుపల్లాలు పూడ్చి కాలిని గుండ్రటి స్తంభంలా చేస్తుంది.

కట్టే వరస ఇది. కడిగి ఆరబెట్టిన కాలికి వాసన లేని క్రీమ్ రాసి నూలు తొడుగు వేయాలి. వేళ్ళకి గాజ్ గుడ్డ పట్టీ ఒక్కొక్కదానికి విడిగా, గోళ్ళు కనిపించేలా. తర్వాత మెత్తని పొర. ఆపైన పాదాన్ని కాలికి లంబంగా పట్టుకుని, వేళ్ళ మొదట్లోంచి 8 సెంటీమీటర్ల పట్టీ మొదలుపెట్టి, మడమ మూయడం మర్చిపోకుండా, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పుతూ పైకి రావాలి. 10ది చీలమండ దగ్గర మొదలుపెట్టాలి. పాదం కిందికి వాల్చి కడితే లేచి నిలబడగానే మడత పడి ముందు చీలమండ దగ్గర కోసుకుంటుంది. చివర్లో అతికించే టేపు వాడండి. డబ్బాలో వచ్చే లోహపు క్లిప్పులు చర్మానికి గీరుకుంటాయి, ఈ కాలికి ఒక్క గీర కూడా ఎక్కువే. కట్టాక గోరు నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో గులాబి రంగు తిరిగి రావాలి. వేళ్ళు నీలంగా, తెల్లగా, తిమ్మిరిగా ఉంటే, నడిచినా తగ్గకపోతే, వెంటనే విప్పేయాలి.

రోజుకి 22, 23 గంటలు ఉంచి, విప్పి, కడిగి, మళ్ళీ కట్టాలి. రెండు నుంచి నాలుగు వారాలు. కట్టుతో నడవాలి, చీలమండ ఆడించాలి, పొట్టతో లోతుగా ఊపిరి తీయాలి. కట్టి మంచం మీద పడుకుంటే బ్యాండేజీకి పెట్టిన డబ్బులో సగం వృథా. మొదటి వారం ఫిజియోథెరపిస్టు చేత కట్టించుకుంటూ ఇంట్లో ఒకరు నేర్చుకోవడం మేలు; వీడియో చూసి మొదటిసారే సొంతంగా కట్టడం సలహా కాదు. హైదరాబాద్ ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో, దీన్ని భరించడం కష్టమే. వేడికి చర్మంలో రక్తనాళాలు విప్పారి ఊట పెరుగుతుంది కాబట్టి వాపు ఎక్కువయ్యేదీ అప్పుడే. చెమటకి తడిసిన కట్టు మార్చకుండా ఉంచితే ఫంగస్ పడుతుంది. మొదటిసారి కట్టు మొదలుపెట్టే వీలుంటే చలికాలం ఎంచుకోవడం తెలివి.

పని జరుగుతోందో లేదో కొలత టేపే చెప్పాలి, కన్ను కాదు. చీలమండ నుంచి ప్రతి 4 సెంటీమీటర్లకి పెన్నుతో గుర్తు పెట్టి చుట్టుకొలత రాసుకోండి. పక్కపక్క కొలతల్ని ఒక్కోదాన్నీ దానితోనే గుణించి, రెంటినీ ఒకదానితో ఒకటి గుణించి, మూడింటినీ కలిపి, 4తో గుణించి, 37.7తో భాగిస్తే ఆ ముక్క పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. 30, 32 కొలతలకి 306 మిల్లీలీటర్లు. ముక్కలన్నీ కలిపి రెండు కాళ్ళనీ పోల్చండి. 10 శాతం తేడా ఉంటే వాపుగా లెక్క. కొలత వరసగా కొన్ని రోజులు దిగడం ఆగిపోయిన రోజే స్టాకింగ్‌కి కొలత ఇవ్వాల్సిన రోజు.

స్టాకింగ్ దగ్గర జరిగే పెద్ద పొరపాటు ఈ తొందరే. ఉబ్బిన కాలికి కొలత ఇచ్చి కొంటే నెలకి వదులవుతుంది. లేదా ఉబ్బిన కాలినే దిగకుండా పట్టి ఉంచుతుంది. స్టాకింగ్ వాపు తగ్గించదు, తగ్గినదాన్ని నిలబెడుతుంది. ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు.

రెండో పొరపాటు తెల్ల స్టాకింగ్. ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉన్నవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా తొడిగే ఆ తెల్లవి చీలమండ దగ్గర 18 మిల్లీమీటర్ల పాదరసం దగ్గరే ఆగుతాయి. లేచి తిరిగే బోదకాలికి అవి ఏ మాత్రం చాలవు. చవకగా ఉంటాయి కాబట్టి చాలామంది వాటితోనే ఇంటికి వస్తారు.

మూడోది క్లాసు, అంటే ఒత్తిడి మెట్టు. జర్మన్ లెక్కలో ఒకటో క్లాసు 18–21, రెండోది 23–32, మూడోది 34–46, నాలుగోది 49కి పైన. బ్రిటిష్ లెక్కలో అదే 'రెండో క్లాసు' 18–24 మాత్రమే. కాబట్టి క్లాసు నంబరు కాదు, డబ్బా మీద మిల్లీమీటర్ల పాదరసం అంకె చూడండి. చేతికి సాధారణంగా జర్మన్ ఒకటో రెండో, కాలికి రెండో మూడో రాస్తారు. "మీడియం ఇస్తా, సరిపోతది" అంటే ఒప్పుకోకండి. కనీసం చీలమండ, పిక్క, పొడవు, తొడ దాకా అయితే తొడ, ఇన్ని కొలతలు తీయకుండా ఇచ్చిన సైజు ఊహే.

గుండ్రంగా అల్లిన అతుకు లేని స్టాకింగ్ పల్చగా, సాగుతూ ఉంటుంది. వేరికోస్ సిరలకి బాగా పనిచేస్తుంది, తేలికపాటి వాపుకీ సరే. మడతలు పడిన కాలికి తొడిగితే మడతలోకి జారి తాడులా కోస్తుంది. ఫ్లాట్ నిట్ అంటే బల్లపరుపుగా అల్లి వెనక కుట్టు వేసినది. దళసరి, చూడ్డానికి అందం లేదు, మీ కాలి కొలతకే అల్లాలి కాబట్టి కోఠి అరల్లో దొరకదు, రావడానికి సమయం పడుతుంది, ధర వేలల్లో. అయినా మడతల మీద వంతెనలా నిలబడేది అదొక్కటే. వేళ్ళు వాచే అలవాటు ఉంటే వేళ్ళు తెరిచిన రకం తీసుకోవద్దు, నీరంతా వేళ్ళలోకి దిగుతుంది. చేతికి కూడా ఇదే న్యాయం: గ్లవ్ లేకుండా స్లీవ్ మాత్రమే తొడిగితే అరచెయ్యి ఉబ్బుతుంది. పైఅంచున సిలికాన్ పట్టీ ఉన్నవి మన ఉక్కపోతకి దురద పెడతాయి, నడుం దాకా వచ్చే రకం అందరికీ నచ్చకపోయినా ఆ బాధ ఉండదు.

వేలితో లాగి తొడిగితే గోరు తగిలి చిరుగుతుంది. గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని పొద్దున్నే మంచం దిగకముందే అరచేత్తో పైకి రుద్దుతూ ఎక్కించాలి. ఎక్కువైన పైభాగాన్ని ఎప్పుడూ కిందికి మడవకూడదు, అక్కడ ఒత్తిడి రెట్టింపవుతుంది. వంగలేని పెద్దవాళ్ళకి వెల్‌క్రో పట్టీల తొడుగు మంచి మార్గం. వదులైతే వాళ్ళే బిగించుకోగలరు. కట్టు నేర్చుకునే మనిషి ఇంట్లో లేనిచోట మేం దానికే ఓటు వేస్తాం.

పంపు గురించి తక్కువలోనే చెప్పొచ్చు. ఒకే గదిది వద్దు. కింది నుంచి పైకి వరసగా ఊదే ఎక్కువ గదులది కావాలి. 30 నుంచి 60 మిల్లీమీటర్ల మధ్య, డాక్టరు రాసిన అంకె మీద, రోజుకి 45 నిమిషాలో గంటో. పంపు నీటిని బాగానే తోస్తుంది, ప్రొటీన్‌ని అంత బాగా కదపదు. తీసేసి ఊరుకుంటే మర్నాటికి నీరు మళ్ళీ చేరుతుంది, కాబట్టి విప్పిన వెంటనే కట్టో స్టాకింగో ఉండాల్సిందే. గజ్జల్లో దారి మూసుకున్న కాలికి పంపు పెడితే తొడ పైన గట్టి వలయం కట్టొచ్చు, జననాంగాలు ఉబ్బొచ్చు. అలా మొదలైతే ఆ రోజుతో ఆపేయాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, గడ్డకట్టిన సిర ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోకూడదు. పదివేలు దాటే ధరకి ఇంట్లో కొనేకన్నా ఫిజియోథెరపీ కేంద్రంలో రెండు వారాలు వాడి, టేపు కొలత కదిలితేనే కొనండి.

మసాజ్. శోషరస మసాజ్ అనే విద్య నిజంగానే ఉంది. 1930లలో డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్ రూపొందించినది. వాచిన కాలి దగ్గర మొదలవదు. మెడ దగ్గర, తర్వాత వాపు లేని వైపు చంకలోనో గజ్జల్లోనో మొదలవుతుంది. ముందున్న గది ఖాళీ చేస్తేనే వెనకది కదులుతుంది మరి. నూనె వాడరు, చర్మం జారకుండా సాగాలి. చెయ్యి ఎంత తేలిగ్గా పడుతుందంటే రోగికి 'ఏమీ చేయలేదే' అనిపిస్తుంది. స్పాల్లో జరిగేది దీనికి వ్యతిరేకం: వేడి నూనె, బొటనవేళ్ళతో గట్టిగా పిసకడం. దాంతో రక్తప్రసరణ పెరిగి ఊట ఇంకా ఎక్కువవుతుంది. ఇక 'విషాలు బయటికి పోతాయి' అనే మాటకి వస్తే, ఆ పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి. మసాజ్ చేసేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: ఎక్కడ మొదలుపెడతారు? 'కాలి దగ్గరే' అంటే లేచి వచ్చేయండి. 'ఇమ్యూనిటీ పెరుగుతుంది' అని రాసిన బోర్డులకీ ఇదే జవాబు. గ్రంథిలో కణాలు పెరగడానికి మసాజ్ కూపన్ అక్కర్లేదు, దారి తెరిచి ఉంటే చాలు.

బోదకాలు అనుమానం కొత్తగా వచ్చినవాళ్ళు సరుకు కొనడానికన్నా ముందు నల్లకుంట కోరంటి దవాఖానలోనో దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనో రక్త పరీక్ష సంగతి అడగాలి. బోదకాలు తెచ్చే సన్నటి పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి వాటి కోసం రక్తపు చుక్క తీసేది రాత్రిపూటే. మురికి నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టి తెచ్చే జబ్బు ఇది; మూసీ ఒడ్డున ఉండేవాళ్ళకి ఆ దోమని పరిచయం చేయక్కర్లేదు. దోమకీ మనిషి జబ్బుకీ ముడి ఉందని మొదట చూపించింది మలేరియా కాదు, ఇదే: 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ దోమలో ఈ పురుగుని చూశాడు. ఆయన ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు విప్పాడు. కోరంటి దవాఖానకి ఉన్న పేరు ఆయనదే. సామూహికంగా పంచే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు పురుగు పిల్లల్ని చంపి వ్యాప్తి ఆపుతాయి. పెద్ద పురుగు శోషరస నాళంలో ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. అది పాడుచేసిన నాళాన్ని ఏ మాత్రా బాగుచేయదు. తెలంగాణలో బోదకాలు బాధితులకి ప్రభుత్వ పింఛను ఉంది, అర్హత ఉంటే వదులుకోవద్దు.

ఇంత సరుకులోనూ అన్నిటికన్నా చవకైనది సబ్బు, బకెట్టు నీళ్ళు. రోజూ మామూలు నీటితో కాలు కడిగి, వేళ్ళ సందులు మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టి, తెల్లగా నానినట్టున్న చోట ఫంగస్ మందు, మిగతా చోట క్రీమ్. ఇది చేసేవాళ్ళకి జ్వరపు దాడులు తగ్గుతాయి. క్రీమ్ రాత్రి రాయాలి, పొద్దున రాస్తే స్టాకింగ్ దారం చెడుతుంది. చలితో జ్వరం వచ్చి కాలు ఎర్రబడిన రోజు కట్టు, స్టాకింగ్, పంపు అన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి. ఎరుపు తగ్గి, నొప్పి లేకుండా తాకగలిగాక మళ్ళీ మొదలు. ఏడాదిలో రెండు మూడుసార్లు దాడి వస్తుంటే నెలల తరబడి పెన్సిలిన్ ఇవ్వడం గురించి అడగండి, ఆ పద్ధతి ఉంది.

స్టాకింగ్ రెండు జతలు కొని రోజు మార్చి రోజు వాడండి. గోరువెచ్చని నీటిలో మెత్తటి సబ్బుతో ఉతికి నీడలో పరిచి ఆరబెట్టాలి. పిండటం, ఇస్త్రీ, బట్టలు మెత్తబడే ద్రవం ఏదీ వద్దు. బోరు నీళ్ళ సబ్బు నురగ పోవాలంటే ఇంకోసారి జాడించాలి. అలా వాడినా ఆరు నెలలే ఆయుష్షు. ముందే అయిపోయిందో లేదో తెలుసుకోవాలంటే పొద్దున తొడిగే ముందు, సాయంత్రం విప్పగానే చీలమండ కొలవండి. సాయంత్రం కొలత పెరుగుతూ వస్తుంటే, తొడగడం ఈ మధ్య సులువైపోయిందనిపిస్తుంటే, దాని పని అయిపోయినట్టే.